కొనాలా, ఆగాలా? మిక్సింగ్ గదులు చెప్పే చరిత్ర

హైదరాబాద్‌లోని రాంనగర్, చిక్కడపల్లి, నారాయణగూడ గల్లీల్లో ఇవాళ వీడియో ఎడిటింగ్‌తో పొట్టపోసుకునేవాళ్ళు ప్రధానంగా రెండు రకాలు. ఫోటో స్టూడియో వెనక గదిలో పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు మిక్సింగ్ చేసేవాళ్ళు ఒకరు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ పాఠాలను యూట్యూబ్‌కూ యాప్‌లకూ సిద్ధం చేసేవాళ్ళు మరొకరు. ఇద్దరినీ వేధిస్తున్న ప్రశ్న ఒకటే. ఎడిటింగ్ సిస్టమ్ ఇప్పుడే కొనాలా, ఇంకొన్నాళ్ళు ఆగాలా? కంప్యూటర్ ధర ఎప్పుడైనా తగ్గేదే కాబట్టి ఆగడం మేలని చాలామంది సలహా ఇస్తారు. ఈ సలహా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఈ వృత్తి నడిచిన నలభై ఏళ్ళ దారిని ఒకసారి చూడాలి. ధర తగ్గుతుందని ఆగినవాళ్ళకు నిజంగా కలిసొచ్చిన కాలం ఆ నలభై ఏళ్ళలో పదేళ్ళకు మించి లేదు. ఆ పదేళ్ళ అనుభవాన్నే మనం శాశ్వత సూత్రంగా మోస్తున్నాం. ఆగడానికి న్యాయమైన కారణం ఒకటి ఉంది గానీ అది ధరల పట్టికలో దొరకదు. కెమెరా ఏ ఫార్మాట్‌లో రికార్డు చేస్తుందన్న దానిలో దొరుకుతుంది.

హైదరాబాద్‌లో దూరదర్శన్ 1977లో మొదలైంది. రామంతాపూర్‌లోని దాని స్టూడియో రాంనగర్‌కు తూర్పున కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది, దాని వెంట వీసీఆర్‌లు ఇళ్ళలోకి వచ్చాయి, ఆ వెంటనే పెళ్ళి వీడియో అన్న కొత్త కోరిక పుట్టింది. అప్పట్లో విదేశీ ఎలక్ట్రానిక్ సామాను స్వేచ్ఛగా దిగుమతి చేసుకునే వీలు లేదు. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చేవాళ్ళ సామానులో దిగిన డెక్కులూ కెమెరాలూ చేతులు మారి స్టూడియోలకు చేరేవి. దొరకడమే గగనమైన చోట ధర ఎప్పుడు తగ్గుతుందన్న ఆలోచనకు తావే లేదు. ఆగినవాడికి మిగిలేది పక్క స్టూడియోకు వెళ్ళిపోయిన పెళ్ళిళ్ళు మాత్రమే. 1991 జులైలో మూడు రోజుల వ్యవధిలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించినప్పుడు, వచ్చే ఏడాది కొందామనుకున్న వాళ్ళకు డాలరు లెక్కన సరుకు ఒక్కసారిగా ఐదో వంతుకు అటూ ఇటూగా ప్రియమైంది.

ఆ రోజుల పని ఎలా సాగేదో ఇవాళ్టి పిల్లలకు చెప్తే నమ్మడం కష్టం. రెండు డెక్కులు పక్కపక్కన పెట్టేవారు. ఒకదాంట్లో షూట్ చేసిన క్యాసెట్, రెండోదాంట్లో ఖాళీ క్యాసెట్. కావాల్సిన చోటు దొరికేదాకా గుండ్రటి జాగ్ బిరడాను ముందుకూ వెనక్కూ తిప్పాలి. బటన్ నొక్కగానే రెండు టేపులూ కొన్ని సెకన్లు వెనక్కి వెళ్ళి, వేగం అందుకుని, సరిగ్గా గుర్తు పెట్టిన చోట రెండోది రికార్డింగ్‌లోకి దిగేది. ఇలా ఒక్కో ముక్కా అతికిస్తూ మూడు గంటల ఈ-180 క్యాసెట్ నింపాలి. అంతా అయ్యాక పెళ్ళికూతురి మేనమామ వచ్చి జీలకర్ర బెల్లం ఘట్టం ఇంకో నిమిషం పొడిగించమన్నాడనుకోండి. ఆ ఘట్టం తర్వాత ఉన్న తాళిబొట్టు, తలంబ్రాలు, అప్పగింతలు మొత్తం మళ్ళీ మొదటి నుంచీ అతికించాలి, లేదంటే తయారైన క్యాసెట్ నుంచే ఇంకో కాపీ తీయాలి. వీహెచ్‌ఎస్ బొమ్మలో ఉన్నదే సుమారు 240 గీతల స్పష్టత. ఒక్కో కాపీకీ అది ఇంకాస్త మసకబారి, ఎర్ర పట్టుచీర అంచు దాటి రంగు పక్కకు ఒలికేది. ఈ రెండు బాధల నుంచీ విముక్తి ఇచ్చిందనే కంప్యూటర్‌కు అంత విలువ వచ్చింది. ఎక్కడ పొడిగించినా మిగతాది దానంతట అదే జరుగుతుంది, ఎన్ని కాపీలు తీసినా బొమ్మ చెడదు.

కంప్యూటర్‌తో వీడియో పని అమెరికాలో ముందే మొదలైంది. 1989లో అవిడ్, 1990లో అమీగా కంప్యూటర్ మీద నడిచే వీడియో టోస్టర్, 1991 చివర్లో అడోబీ ప్రీమియర్ వెలువడ్డాయి. వీటిలో చిన్న స్టూడియోకు అందుబాటు ధరలో ఉన్నది వీడియో టోస్టర్. అది అమెరికా వాడే ఎన్‌టీఎస్‌సీ పద్ధతికే పనిచేసేది, మన టీవీ నడిచే పాల్ పద్ధతికి పనికొచ్చేది కాదు. అంటే ఆ ధర సగానికి పడినా, పావుకు పడినా చిక్కడపల్లి స్టూడియోకు ఒరిగేదేమీ లేదు. యంత్రం మనకు పనికొస్తుందా లేదా అన్నది తేల్చేది ఫార్మాటే అన్న పాఠం ఈ వృత్తికి మొదట్లోనే ఎదురైంది.

ఇక ఆగమనే సలహా పుట్టిన కాలానికి వద్దాం. 1995లో మినీ డీవీ టేపు వచ్చింది. మన దగ్గర జెమినీ, ఈటీవీ మొదలై ఎడిటింగ్ నేర్చిన కుర్రాళ్ళకు గిరాకీ పుట్టించిందీ ఆ ఏడాదే. కస్టమ్స్ సుంకాల గరిష్ఠ స్థాయి 1991లో 150 శాతం ఉంటే 1995 నాటికి 50 శాతానికి దిగింది. 1997లో భారతదేశం ప్రపంచ వాణిజ్య సంస్థ వారి సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, 2005 నాటికి కంప్యూటర్ల మీద దిగుమతి సుంకాన్ని సున్నాకు తెచ్చింది. అదే సమయంలో చిప్‌ల వేగం విపరీతంగా పెరిగింది. 1993లో మొదటి పెంటియం 60 మెగాహెర్ట్జ్‌తో వస్తే 2004 చివర్లో పెంటియం 4 వేగం 3.8 గిగాహెర్ట్జ్, అంటే పదకొండేళ్ళలో 60 రెట్లకు పైగా. పినాకిల్ డీవీ500, మాట్రాక్స్ ఆర్‌టీ2000, కనోపస్ డీవీస్టార్మ్ వంటి ఎడిటింగ్ కార్డులు అప్పుచేసి కొన్నవాళ్ళు, ఆ కార్డు చేసే పనిని కొన్నేళ్ళకే మామూలు ప్రాసెసర్, చవకైన ఫైర్‌వైర్ పోర్టు కలిసి చేసేయడం చూశారు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి రేటు అడిగి వచ్చి, ఆరు నెలలాగి మళ్ళీ పోతే అదే డబ్బుకు ఇంకా పెద్ద సిస్టమ్ అసెంబుల్ అయ్యేది. ఆగినవాడే తెలివైనవాడన్న నమ్మకం అప్పుడు పాతుకుంది. ఆ నమ్మకం వెనక ఉన్న రెండు కారణాల్లో సుంకాల తగ్గుదల ఒక్కసారి మాత్రమే జరగగలిగింది. సున్నాకు చేరాక తగ్గడానికి ఇంకేమీ మిగల్లేదు. వేగం పెరుగుదల 2004 దగ్గరే కుంటుపడింది. నాలుగు గిగాహెర్ట్జ్ పెంటియం 4ను తెస్తానన్న ఇంటెల్ ఆ ఏడాదే ఆ ప్రయత్నం మానుకుంది. ఆరు గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ మార్కెట్లోకి రావడానికి 2023 దాకా పట్టింది. పదకొండేళ్ళలో 60 రెట్లు పెరిగిన వేగం ఆ తర్వాతి పంతొమ్మిదేళ్ళలో రెట్టింపు కూడా కాలేదు.

ఆ బంగారు కాలంలోనైనా ఆగడం అందరికీ లాభమేనా? 1999లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయ ఖగోళ శాస్త్ర విద్యార్థులు కొందరు ఈ ప్రశ్నకు లెక్క కట్టారు. కంప్యూటర్ శక్తి పద్దెనిమిది నెలలకు రెట్టింపవుతుంటే ఒక పెద్ద గణనను ఇప్పుడే మొదలుపెట్టాలా, కొత్త యంత్రం కోసం ఆగి అప్పుడు మొదలుపెడితే ముందే ముగుస్తుందా అని చూశారు. వాళ్ళకు తేలిన హద్దు 26 నెలలు. పని 26 నెలలకు పైగా పట్టేదైతే ఆగడం లాభం, అంతకన్నా చిన్నదైతే వెంటనే మొదలుపెట్టడమే లాభం. ఈ లెక్కను పెళ్ళి వీడియోకు వర్తింపజేస్తే సందేహానికి చోటే లేదు. శ్రావణంలో పెళ్ళైతే దసరాకు వీడియో చేతికి రావాలంటారు. కోచింగ్ పాఠమైతే నోటిఫికేషన్ పడ్డ వారంలోపే చూసేవాళ్ళకు చేరాలి. రోజుల్లో, వారాల్లో ముగిసే పనులకు రాబోయే యంత్రం కోసం ఎదురుచూడటం, యంత్రాల వేగం అంత జోరుగా పెరిగిన రోజుల్లో సైతం నష్టమే. ఆగినంత కాలం పాత సిస్టమ్ ముందు రెండరింగ్ ముగిసేదాకా కూర్చున్న గంటలు, కాదనుకున్న ఆర్డర్లు ఏ బిల్లులోనూ కనబడవు కాబట్టి వాటిని మనం ఖర్చుగా లెక్కవేయం. లెక్కవేయకపోయినా అవి పోయిన డబ్బే.

ధర తగ్గుదలను ప్రకృతి నియమంలా భావించేవాళ్ళు చూడాల్సిన సంఘటనలు చాలా ఉన్నాయి. 1993 జులైలో జపాన్‌లోని నీహామాలో సుమితోమో కెమికల్ కర్మాగారంలో పేలుడు జరిగి, చిప్‌లకు పైపొర వేసే రెసిన్‌కు కొరత ఏర్పడేసరికి ప్రపంచమంతటా ర్యామ్ ధర ఎగిరిపడింది. 1999 సెప్టెంబరులో తైవాన్ భూకంపం తర్వాత మళ్ళీ అదే జరిగింది. 2011లో థాయ్‌లాండ్ వరదల్లో హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీలు మునిగి, ఎడిటర్లకు అన్నిటికన్నా ముఖ్యమైన ఆ సరుకు కొద్ది వారాల్లోనే రెట్టింపు ధర పలికింది. 2020, 21లో కోవిడ్, క్రిప్టో మైనింగ్ కలిసి గ్రాఫిక్స్ కార్డులను మాయం చేశాయి. 2023 ఆగస్టులో ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి అని కేంద్రం హఠాత్తుగా ప్రకటించి, వెంటనే వాయిదా వేసి, చివరికి అనుమతుల పద్ధతికి మార్చింది. 2025 చివరి నెలల్లో ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోతుండగా ర్యామ్ ధరలు మండిపోయాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ కంపెనీ మామూలు కొనుగోలుదారులకు అమ్మే క్రూషియల్ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. వీటన్నిటి మీదా రూపాయి పతనం ఒకటి. 2008 తొలి నెలల్లో డాలరుకు 40 రూపాయల దగ్గర ఉన్నది 2013 ఆగస్టులో 68కి జారి, 2025 డిసెంబరులో 90 దాటింది. అన్నేళ్ళలో అమెరికాలో ధర సగానికి పడిన సరుకుకైనా ఆ తగ్గుదల మనదాకా రాకుండానే ఆవిరైంది. ధర పెరగడమే రివాజని చెప్పడానికి ఈ జాబితా ఇవ్వలేదు. ర్యామ్ ధర మళ్ళీ దిగవచ్చు, గతంలోనూ దిగింది. ఎప్పుడు దిగుతుందో గల్లీలో ఉన్న ఎడిటర్‌కే కాదు, చిప్ తయారుచేసేవాడికీ కచ్చితంగా తెలియదు. తెలియని తేదీ మీద తన పెళ్ళిళ్ళ సీజన్‌ను పందెం కాయడం ఏ లెక్కన చూసినా తెలివి అనిపించుకోదు.

మరి యంత్రాలు పాతబడవా అంటే, పాతబడతాయి. ఎప్పుడు పాతబడ్డాయో చూస్తేనే అసలు విషయం తెలుస్తుంది. డీవీ టేపు నుంచి వచ్చే వీడియో గంటకు సుమారు 13 గిగాబైట్లు తినేది. ఎక్కువ చోటు అడిగినా కంప్యూటర్‌కు తేలికైన మేత అది, ఎందుకంటే ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తి బొమ్మ. పానసోనిక్ ఎండీ10000 వంటి కెమెరాలతో పెళ్ళిళ్ళు తీసినంత కాలం పెంటియం 4 సిస్టమ్ ఏళ్ళ తరబడి హాయిగా బువ్వ పెట్టింది. కొత్త ప్రాసెసర్లు వస్తున్నా దానికేమీ కాలేదు. దాని పని ముగించింది కొత్త కెమెరా. 2003లో ప్రకటించిన హెచ్‌డీవీ, 2006లో వచ్చిన ఏవీసీహెచ్‌డీ, 2008లో వచ్చిన కెనాన్ 5డీ మార్క్ 2 వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. పక్క ఫ్రేమ్‌తో పోలిస్తే ఏం మారిందో అది మాత్రమే దాచుకుంటుంది. ఒక్క ఫ్రేమ్ చూపించడానికి కంప్యూటర్ చుట్టుపక్కల ఫ్రేమ్‌లన్నీ విప్పుకోవాలి. పెద్ద బొమ్మ తక్కువ చోటులో ఇమిడింది, భారం ప్రాసెసర్ మీద పడింది. నిన్నటిదాకా పరుగెత్తిన సిస్టమ్ ఆ వీడియో పెట్టగానే ఆగి ఆగి కదిలింది.

ఇటీవలి చరిత్ర ఈ సంగతిని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. 2020లో వచ్చిన సోనీ ఎ7ఎస్ 3 వంటి కెమెరాలు 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టాయి. పట్టుచీర రంగుల్ని, హోమగుండం వెలుగుని తర్వాత దిద్దుకోవడానికి అందులో చాలా వెసులుబాటు ఉంటుంది. ఆ వీడియోను విప్పే ప్రత్యేక భాగం ఇంటెల్ 11వ తరం నుంచి డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లోనే వచ్చింది. ఎన్‌విడియా కార్డుల్లో మాత్రం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరస దాకా రాలేదు. ఆ మధ్య కాలంలో ఎక్కువ డబ్బు పోసి ఏఎండీ ప్రాసెసర్, ఖరీదైన ఎన్‌విడియా కార్డు పెట్టించుకున్నవాళ్ళ టైమ్‌లైన్ తడబడుతుంటే, మధ్యరకం ఇంటెల్ సిస్టమ్ మీద అదే క్లిప్ సాఫీగా నడిచింది. ధరనో వేగాన్నో చూసి కొన్నవాడు ఇబ్బందిపడ్డాడు, కెమెరా ఏమిస్తుందో చూసి కొన్నవాడు బాగుపడ్డాడు. ఆగడానికి న్యాయమైన కారణం ఉందన్నది ఇందుకే. కొత్త కెమెరాకు మారే ఆలోచన ఉండి, దాని ఫార్మాట్‌ను నేరుగా విప్పే చిప్ ఇంకా రాకపోతే, అది వచ్చేదాకా ప్రాక్సీలతో, అంటే తేలికైన నకలు ఫైళ్ళతో, నెట్టుకొస్తూ ఆగడం సబబు. కెమెరా మారనప్పుడు ఆగడానికి ఆధారం లేదు. సాఫ్ట్‌వేర్ విషయంలోనూ ఇదే తీరు. 2011లో ఆపిల్ ఫైనల్ కట్ ప్రో ఎక్స్ తెచ్చినప్పుడు అది పాత ఫైనల్ కట్ 7 ప్రాజెక్టులను తెరవలేకపోయింది. మాక్ బాగానే ఉన్నా చాలామంది సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. ఆర్‌టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలో రీలు ప్రొజెక్టర్లు మూలపడిందీ అరిగిపోయి కాదు. సినిమా రీలు మీద రావడం మానేసింది, అంతే.

ధర కోసం ఆగొద్దన్న వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. ముందే కొని బాగుపడ్డవాళ్ళ కథలే మనకు వినబడతాయి, అప్పుచేసి కొని మునిగి షట్టర్ దించినవాళ్ళు చెప్పడానికి మిగల్లేదు కదా అని. ఇది కొట్టిపారేయలేని మాట. అయితే ఈ వృత్తిలో మునిగే దారి ఎలా ఉంటుందో చూస్తే ఆగొద్దన్న వాదనే బలపడుతుంది. చేతిలో పని లేకుండా, పని వస్తుందన్న ఆశతో పెద్ద సిస్టమ్ కొన్నవాడు మునుగుతాడు. ఫార్మాట్ మారబోయే ముందు పాత ఫార్మాట్‌కు ప్రియమైన కార్డు కొన్నవాడు మునుగుతాడు. వాయిదాల గడువు ఫార్మాట్ ఆయుష్షు కన్నా పొడుగ్గా పెట్టుకున్నవాడూ మునుగుతాడు. వీళ్ళను ముంచింది ఇవాళ కొనడం కాదు, తమ పనిని చూసుకోకుండా కొనడం. ఆర్డర్ల పుస్తకంలో ఉన్న పనితో వాయిదా కట్టగలిగితే ఇప్పుడు కొనాలి. కట్టలేకపోతే ధర ఎంత తగ్గినా కొనకూడదు. ఈ రెండు నిర్ణయాల్లో ఏదీ మార్కెట్ రేటు మీద ఆధారపడలేదు. కొన్న మర్నాటి నుంచే విలువ పడిపోతుందన్న బెంగకూ సమాధానం ఉంది. కంప్యూటర్ పనిముట్టు, బంగారంలా దాచుకునే ఆస్తి కాదు. చట్టం సైతం దాన్ని అలాగే చూస్తుంది. లెక్కల పుస్తకాలు రాసి పన్ను కట్టేవాళ్ళకు 2017-18 నుంచి కంప్యూటర్ మీద ఏడాదికి 40 శాతం తరుగుదల చూపించుకునే వీలుంది, కొన్న ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే ఆ ఏడాదికి అందులో సగమే.

ఏఐ ఎడిటింగ్‌ను మార్చేస్తోంది, అది తేలేదాకా ఆగుదామన్నది రెండో అభ్యంతరం. అశోక్‌నగర్ పాఠాల విషయంలో ఈ మార్పు ఇప్పటికే కనిపిస్తోంది. మాటల మధ్య ఖాళీలు కత్తిరించడం, సబ్‌టైటిల్స్ వేయడం, వెనక ఫ్యాన్ చప్పుడు తీసేయడం సాఫ్ట్‌వేరే చేసిపెడుతోంది. కానీ ఈ పనులు సిస్టమ్ మీదే నడిపించుకోవాలంటే మామూలు కన్నా ఎక్కువ ర్యామ్, ఎక్కువ గ్రాఫిక్స్ మెమరీ కావాలి. ఏఐ గిరాకీ వల్లే ప్రియమైన సరుకులు ఇవి. ఏఐ స్థిరపడేదాకా ఆగుతానంటే ఏఐ పెంచిన ధరకు కొంటానని ఒప్పుకున్నట్టే కావచ్చు. అంతా క్లౌడ్‌లో జరిగిపోతుంది, మన దగ్గర సిస్టమే అక్కర్లేదు అన్నవాళ్ళు ఒక పెళ్ళికి రెండు మూడు కెమెరాలు, ఒక డ్రోన్ తెచ్చే వందల గిగాబైట్లను ఇంటి ఇంటర్నెట్ మీద ఎక్కించి చూడాలి. పాఠం వీడియోకు ఆ మాట కొంతవరకు చెల్లుతుంది, పెళ్ళికి ఇంకా చెల్లదు.

ఎప్పుడు కొనాలన్న ప్రశ్నకు ఈ ఊళ్ళో ధరల పట్టిక కన్నా పంచాంగమే మంచి జవాబు చెప్తుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, గురు శుక్ర మూఢాలు వచ్చిన రోజుల్లో పెళ్ళిళ్ళు ఉండవు. కొత్త సిస్టమ్ తెచ్చి, సాఫ్ట్‌వేర్ వేసి, తన కెమెరా క్లిప్పులు పెట్టి సాఫీగా నడుస్తున్నాయో లేదో చూసి, పాత ప్రాజెక్టులు ఎక్కించుకోవడానికి ఆ నెలలే అనువు. మాఘం, వైశాఖం, శ్రావణం నడిమధ్య సిస్టమ్ మార్చడం ఎంత చవకగా దొరికినా ప్రమాదమే. తేలాల్సిన ప్రశ్నలు మూడు. నా కెమెరా ఇచ్చే ఫార్మాట్‌ను ఈ ప్రాసెసరో కార్డో నేరుగా విప్పగలదా? చేతిలో ఉన్న ఆర్డర్లతో ఫార్మాట్ మారేలోపు వాయిదాలు తీరతాయా? వచ్చే ముహూర్తాలకు ముందు దీన్ని కుదురుగా సిద్ధం చేసుకునే ఖాళీ ఉందా? మూడింటికీ అవునన్న సమాధానం వస్తే రేపటి రేటు గురించి ఆలోచించకుండా కొనేయాలి. అసెంబుల్డ్ డెస్క్‌టాప్ అయితే ప్రాసెసర్, మదర్‌బోర్డు ఇప్పుడు సరైనవి ఎంచుకుని, ప్రియంగా ఉన్న ర్యామ్‌ను పనికి సరిపోయేంత వేసి, ఖాళీ స్లాట్లు ఉంచుకుని ధర దిగినప్పుడు పెంచుకోవచ్చు. ధర కోసం ఆగాలనిపిస్తే ఆ ఒక్క ముక్క దగ్గర ఆగితే చాలు. ఈ మూడింట్లో ఏ ఒక్కదానికి కాదన్నా సగం ధరకు ఇచ్చినా కొనకూడదు. నలభై ఏళ్ళుగా ఈ వృత్తిలో నిలబడ్డవాళ్ళు రేటును పసిగట్టడంలో ఆరితేరినవాళ్ళు కానక్కర్లేదు. తమ పని తీరు, తమ కెమెరా, తమ సీజన్ ఎరిగి ఖర్చుపెట్టారు. ఇప్పుడు తేల్చుకోవాల్సినవాళ్ళకూ ఆ ఎరుక ఉంటే చాలు.